ఎర్ర దారం కట్టిన చోట

మొదటి రోజు నేను బొంతని నా గౌనుతో కలిపి కుట్టేశాను.

రెండు గంటలు తల ఎత్తలేదు. ఒక వరస పూర్తయింది. అత్తయ్యకి చూపిద్దామని లేచాను. బొంత నాతో పాటే లేచింది. దాని మీదున్న కత్తెర, సుద్దముక్క, దారపుండ నేల మీద పడ్డాయి. అత్తయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టి నవ్వింది. ఆమె నవ్వితే చప్పుడు రాదు. భుజాలు మాత్రం ఊగుతాయి.

"ఎక్కడికే, బొంతతో సహా?" అంది.

"కుట్లు తెంపెయ్యండి అత్తయ్యా."

"ఇవాళ తెంపకూడదు. ఈ గదిలో తప్పు కుడితే ఒక పూట అందరూ చూడాలి. రేపు పొద్దున విప్పుకుందువుగాని."

అది ఆమె పద్ధతి. తప్పు జరిగిన చోట బెత్తెడు ఎర్ర దారం కట్టేది. సాయంత్రం భోజనాలకి ముందు ఇంటిల్లిపాదీ వచ్చి దాన్ని చూసి నవ్వాలి. మర్నాడు విప్పాలి. ఆమెకి కుట్టు నేర్పినావిడ అలాగే చేసేదట. "ఏడుస్తూ విప్పితే చేతికి భయం పడుతుంది. నవ్వి విప్పితే ఆ తప్పు మళ్ళీ చెయ్యదు" అనేది.

నేను వేరే బట్టలు వేసుకొచ్చి, గౌనుని బొంతకే వదిలేశాను. సాయంత్రం మా ఆయన కొట్టు కట్టేసి ఇంటికొచ్చాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. బల్ల మీద బొంతని, దాని అంచున వేలాడుతున్న గౌనుని చూశాడు.

"బట్టలున్నాయి. మనిషేదీ?" అన్నాడు.

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ మాట నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

అది వానాకాలంలో మొదటి వారం. నేను పదిహేడేళ్ళు పనిచేసిన పత్రిక అంతకు ముందు వారమే మూతపడింది. కోర్టులు, పురపాలక సంఘం, రోడ్డు ప్రమాదాలు నా వంతు. ఏ సంగతైనా రెండు చోట్ల రూఢి చేసుకుంటేనే రాయాలని నాకు మొదటి రోజు చెప్పారు. ఇది నేను ఇప్పటిదాకా రాయకపోవడానికి కారణం కూడా అదే.

పని లేక రోజుకి మూడుసార్లు వంటింటి డబ్బాలు సర్దేదాన్ని. అత్తయ్య రెండు రోజులు చూసింది. మూడో రోజు, "నువ్వు సర్దినకొద్దీ నాకు ఏదీ దొరకడం లేదు. ఇలా వచ్చి కూర్చోవే" అని చేతికి సూది ఇచ్చింది.

మా ముందు గదే ఆమె పని గది. పొడుగాటి బల్ల, వీధివైపు కిటికీ, కాలితో తొక్కే మిషను, గోడ పొడుగునా బట్టముక్కల బీరువా. అందులో ముక్కలు రంగుల వారీగా ఉండవు, మనుషుల వారీగా ఉంటాయి. పై అర మామయ్యది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. తర్వాతది మా ఆయనది. దాని కింద మా ఆడపడుచుది. ఏ ముక్క తీసినా అది ఎవరు ఎప్పుడు వేసుకున్న బట్టో అత్తయ్య చెప్పగలదు. నలభై ఏళ్ళుగా ఆ గదిలో ఆమె బొంతలు కుడుతోంది. వీధిలో ఆమెని సన్నకుట్టావిడ అంటారు.

ఆ వానాకాలం ఆమె కుడుతున్న బొంత మా ఆడపడుచుకి పుట్టబోయే బిడ్డకి. వానలు తగ్గే రోజులకి నెలలు నిండుతాయి. తొమ్మిది వరసలు, వరసకి ఏడు ముక్కలు. మధ్యన దూది, కింద అస్తరు గుడ్డ. బల్లకి ఆ చివర ఆమె కూర్చుని అది కుట్టేది. ఈ చివర నేను అదే కొలతతో, అన్నే ముక్కలతో, చింకి గుడ్డలతో నేర్చుకునే బొంత కుట్టేదాన్ని.

అత్తయ్య కుట్టిన బొంతల్లో దారం ఎక్కడ ఆగిందో ఎవరికీ కనబడదు. చివరి మూలన ఒక ముడి వేస్తుంది. అది గుడ్డ లోపలికి వెళ్ళిపోతుంది. లాగినా రాదు. ఆ ముడి వేసేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చుంటుంది. సొంత కూతురికి కూడా నేర్పలేదు.

"అది ఆఖర్న నేర్పేది. ముందే నేర్పితే మిగతా పని నేర్చుకోరు" అనేది.

రెండో వారం దారానికి మొదట్లో ముడి వెయ్యడం మరిచిపోయి వరసంతా కుట్టాను. చివర బిగిద్దామని లాగితే దారం మొత్తం చేతిలోకి వచ్చింది. "పారెయ్యకు, చేపలు పట్టడానికి పనికొస్తుంది" అంది అత్తయ్య. అదే వారం త్రికోణం ముక్కలు ఇరవై కత్తిరించాను. సగం అటు, సగం ఇటు తిరిగి ఉండాలి. నావి ఇరవయ్యీ ఒకే వైపు తిరిగాయి. ఆమె వాటిని బల్ల మీద వరసగా పేర్చి, "ఏమే, వీళ్ళంతా ఏ బస్సు కోసం చూస్తున్నారు?" అని అడిగింది. మూడో వారం ఒక ముక్కని తిరగేసి కుట్టాను. అతుకులు పైకి, బొమ్మలు లోపలికి.

నాలుగో వారం సూది పోయింది.

ఇది వెంటనే నవ్వే తప్పు కాదు. బొంతలో సూది ఉండిపోతే ఆ రాత్రి పడుకున్నవాళ్ళ ఒంట్లో దిగుతుంది. సూదుల దిండులో పన్నెండు ఉండాలి, పదకొండే ఉన్నాయి. మా ఆయన కొట్టు నుంచి అయస్కాంతం తెచ్చి బొంత మీద ఒక్కొక్క ముక్కే తాకిస్తూ వెళ్ళాడు. మూడో వరస, ఐదో ముక్క దగ్గర గుడ్డ కొద్దిగా పైకి లేచింది. సూది మొన బయటికొచ్చింది. అప్పుడు నవ్వాం. అత్తయ్య ఆ చోట రెండు ఎర్ర దారాలు కట్టింది.

"ఒకటి నువ్వు పోగొట్టినందుకు, ఒకటి నన్ను భయపెట్టినందుకు."

ఐదో వారం వచ్చేసరికి నా చెయ్యి కుదిరింది. ఇంకోలా చెప్పడం తెలియదు. సోమవారం కూర్చున్నాను. కుట్టు దానంతటదే పడింది. గీత గీయకుండా వరస తిన్నగా వచ్చింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం కొలిచి చూశాను. తేడా లేదు. ఆ వారం నా బొంతకి ఎర్ర దారం కట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అత్తయ్య టీ పెడదామని లేచింది. బొంత ఆమెతో పాటే లేచింది.

నేను నవ్వాను. అప్పుడే ప్రయాణం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్న మా ఆడపడుచు కూడా నవ్వింది. "అమ్మా, నలభై ఏళ్ళకి నువ్వు కూడా దొరికావు!" అంది. నేనే వెళ్ళి ఎర్ర దారం కట్టాను. అత్తయ్య కూడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల దించుకుని నవ్వింది. చప్పుడు వచ్చింది. భుజాలు కదలలేదు.

అది నా నవ్వు. మొదటి రోజు నేను అలాగే నవ్వాను.

తర్వాతి మంగళవారం ఆమె ఒక వరస కుట్టి, చివర బిగించడానికి లాగింది. దారం మొత్తం చేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"ముడి వెయ్యలేదేమో అత్తయ్యా."

"ఎక్కడ వెయ్యాలి?" అంది.

హాస్యం అనుకున్నాను. ఆడపడుచు కూడా అలాగే అనుకుంది. గురువారం త్రికోణం ముక్కలు ఇరవై కత్తిరించింది. ఇరవయ్యీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. వాటిని బల్ల మీద పేర్చి నా వైపు చూసింది. ఆ బస్సు మాట నేను అనాల్సింది. డబ్బాలోంచి ఎర్ర దారం తీశాను. ఆ సాయంత్రం ఎర్ర దారం దగ్గరికి మా ఆయన వచ్చి, "అమ్మ పెద్దదైపోతోంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

శనివారం డాక్టరుకి చూపించాం. ఆయన ఏ నెల, ఏ వారం, వందలోంచి ఏడు తీస్తే ఎంత అని అడిగాడు. అన్నిటికీ సరిగ్గా చెప్పింది. వయసు అన్నాడు డాక్టరు.

ఒక సంగతి దాచకుండా రాయాలి. నాకు అప్పటికే అనుమానం వచ్చింది. నా తప్పులు ఏ వరసలో జరిగాయో ఆమెవి అదే వరసలో జరుగుతున్నాయి. ఏది నా చేతికి పట్టుబడితే అది ఆమె చేతి నుంచి జారుతోంది. ఇది తెలిసీ నేను ఇంకో వారం కుట్టాను. చెయ్యి బాగా నడుస్తోంది. ఆపబుద్ధి కాలేదు.

ఆ వారం ఒక రోజు సూదిలో దారం ఎక్కిస్తున్నాను. దారం కొసని కాకుండా, సూది బెజ్జాన్ని నాలికతో తడిపాను. దారం ఒక్కసారికే వెళ్ళింది.

"అదెక్కడ నేర్చుకున్నావు?" అంది అత్తయ్య.

"మీరే చెప్పి ఉంటారు."

"నేను చెప్పలేదు. ఎంగిలి అంటారని ఎవరూ లేనప్పుడు చేసేదాన్ని."

ఆమె తన సూది ఎత్తి, దారం కొస నోట్లో పెట్టుకుని, బెజ్జంలోకి పెట్టబోయింది. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి నేను ఎక్కించి ఇచ్చాను.

మర్నాడు చారల చొక్కా ముక్క నా చేతికి వచ్చింది. పై అరలోది. "మామయ్య ఇది వేసుకున్న రోజు మీరు గొడుగు మరిచిపోయి, సినిమా హాలు మెట్ల మీద రెండు గంటలు నిలబడ్డారు కదూ" అన్నాను. అత్తయ్య ముక్కని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది ఎవరిది?" అంది.

ఆ కథ ఆమె ఎప్పుడో నాకు చెప్పి ఉండొచ్చు. ఒకే ఇంట్లో పన్నెండేళ్ళున్న మనుషులు ఎన్నో చెప్పుకుంటారు. నేను అలాగే సర్దిచెప్పుకున్నాను.

ఏడో వారం ఆమె ఒక ముక్కని తిరగేసి కుట్టింది. అతుకులు పైకి, బొమ్మలు లోపలికి. ఆ సాయంత్రం నేను మా ఆయనతో చెప్పాను.

"వచ్చే వారం మీ అమ్మ సూది పోగొడుతుంది."

"నీకెలా తెలుసు?"

"మూడో వరస, ఐదో ముక్కలో."

"ఇన్నేళ్ళు పోలీసు వార్తలు రాశావుగా, నీకు ఇంట్లోవాళ్ళు కూడా ముద్దాయిల్లా కనిపిస్తున్నారు" అన్నాడు. ఆయన కోప్పడలేదు. కానీ ఆ రోజు నుంచి నాతో పాటు తను కూడా సూదులు లెక్కపెట్టాడు. పొద్దున ఆయన, సాయంత్రం నేను. ఆదివారం పన్నెండు. సోమ, మంగళ పన్నెండు. బుధవారం సాయంత్రం పదకొండు.

ఆయన అయస్కాంతం తెచ్చాడు. బిడ్డకి కుడుతున్న బొంతని బల్ల మీద పరిచాం. మొదటి వరస నుంచి మొదలుపెట్టలేదు. నేరుగా మూడో వరస, ఐదో ముక్క మీద పెట్టాడు. గుడ్డ లేచింది.

సూది తీసి దిండులో గుచ్చాడు. నా వైపు చూశాడు. తర్వాత గోడ గడియారం దగ్గరికి వెళ్ళి, దానికి పొద్దునే కీ తిప్పిన సంగతి మరిచిపోయి, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏమండీ, మీరు చూశారు కదా?"

"నన్నేమీ అడక్కు" అన్నాడు.

నా రెండో సాక్షి ఆయనే. పేరు చెప్పడానికి గానీ, చూసింది చెప్పడానికి గానీ ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మర్నాడు అత్తయ్య కుట్టిన ముక్క మీద రక్తపు చుక్కలు కనబడ్డాయి. చెయ్యి పట్టుకుని చూశాను. ఆమె ఎడమ చూపుడు వేలు కొసన చర్మం నలభై ఏళ్ళుగా సూది తగిలి గట్టిపడి ఉండేది. దాని మీద నల్ల చుక్కలుండేవి. వేలి తొడుగు కూడా వాడేది కాదు. ఇప్పుడు ఆ చర్మం లేదు. వేలు మెత్తగా ఉంది. మూడు చోట్ల సూది దిగింది. నా వేలు చూసుకున్నాను. గట్టిగా ఉంది. నల్ల చుక్కలు ఉన్నాయి. ఎనిమిది వారాల్లో అలా అవుతుందా అని తర్వాత ఇద్దరు దర్జీలని అడిగాను. ఒకాయన అవుతుందన్నాడు. ఇంకొకాయన నా వేలు పట్టుకుని చూసి, ఎన్నేళ్ళుగా కుడుతున్నారమ్మా అని అడిగాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాన గట్టిగా కురుస్తోంది. ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం. అత్తయ్య ముక్కల అంచులు మడుస్తోంది. బిడ్డ బొంత తీసుకుని నేను కుడుతున్నాను. ఆడపడుచు కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. రోజులు దగ్గర పడ్డాయి. భయపడుతోంది.

"అమ్మా, నేను పుట్టినప్పుడు నీకు ఎంతసేపు నొప్పులు వచ్చాయి?" అంది.

అత్తయ్య ఇంకో అంచు మడిచి గోటితో నొక్కింది.

"పదకొండు గంటలు" అన్నాను నేను.

తల ఎత్తకుండానే అన్నాను. చెయ్యి కుడుతోంది. మాట దానంతటదే వచ్చింది.

"తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. ఉక్కగా ఉందని నర్సు కిటికీ తెరిచింది. దానికి కొక్కెం లేదు. గాలికి కొట్టుకోకుండా కత్తెర అడ్డం పెట్టింది. నువ్వు పుట్టగానే ఏడవలేదు. ముందు తుమ్మావు. నర్సు నవ్వింది."

ఆడపడుచు కాళ్ళు కిందికి దించింది.

"నీకెవరు చెప్పారు వదినా?"

నేను అత్తయ్య వైపు చూశాను. ఆమె మడుస్తున్న ముక్కని ఒళ్ళో పెట్టుకుంది. ముందుకి వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వింటోంది. పక్కింటివాళ్ళ కబురు వింటున్నట్టు ఉంది ఆమె ముఖం.

"తర్వాత?" అంది. "తర్వాత ఏమైంది?"

నేను సూది దిండులో గుచ్చి లేచాను.

తొమ్మిది రోజులు సూది ముట్టుకోలేదు. వంటింట్లో డబ్బాలు సర్దాను. ఆ తొమ్మిది రోజుల్లో అత్తయ్యకి కొత్త తప్పు ఏదీ జరగలేదు. పాతవి తిరిగి సరికాలేదు. వెళ్ళే దారి మూసుకుంది గానీ, వెళ్ళింది వెనక్కి రాలేదు.

పదో రోజు కావాలని తప్పులు కుడదామని కూర్చున్నాను. నా చేతికి తప్పినదంతా తిరిగి ఆమె చేతికి పోతుందేమో అనుకున్నాను. ముక్కని తిరగేసి పెట్టాను. నా వేళ్ళు దాన్ని సరిగ్గా తిప్పేశాయి. బలవంతాన వంకరగా ఒక వరస కుట్టి, నేనే ఎర్ర దారం కట్టి, ఆమె ముందు పెట్టాను.

"చూడండి అత్తయ్యా. నవ్వండి."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని వరస పొడుగునా చూసింది. నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా అడిగింది.

"ఇందులో తప్పు ఏముందమ్మా?"

అంతకు ముందెప్పుడూ ఆమె నన్ను అమ్మా అనలేదు. ఏమే అనేది.

బిడ్డ బొంతలో అప్పటికి ఒకటిన్నర వరసలు మిగిలాయి. ఆడపడుచు బొంత సంగతి నన్ను అడగడం మానేసింది. ఆ గదిలోకి రావడమే తగ్గించింది. నాతో మాట్లాడేటప్పుడు నా చేతుల వైపు చూసేది. ఒక రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "వదినా, నేను చిన్నప్పుడు దేనికి భయపడేదాన్నో నీకు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. తెలుసు. మిషను కింద చీకటి.

మర్నాడు పొద్దున అత్తయ్య వంటింట్లోకి వచ్చి నేల మీద నా పక్కన కూర్చుంది.

"కుట్టడం ఎందుకు మానేశావు?"

ఎలా చెప్పాలో తెలియలేదు. వార్త చెప్పినట్టే చెప్పాను. ఏ వారం ఏం జరిగిందో, ఏ తప్పు తర్వాత ఏ తప్పో. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"నేనూ అనుకున్నాను" అంది.

"ఎప్పుడు?"

"నువ్వు బెజ్జం తడిపినప్పుడు." నా వేలి కొస పట్టుకుని చూసింది. "నా వస్తువు ఎవరో తీస్తే నాకు తెలియదా ఏమిటి?"

"నేను తియ్యలేదు అత్తయ్యా."

"తీశావన్నానా? ఉన్న చోటు మారింది. ఇంట్లోనే ఉందిగా." లేవడానికి నా భుజం పట్టుకుంది. "బిడ్డ వచ్చేస్తుంది. లే. బొంత పూర్తి చెయ్యి."

"పూర్తయితే మీకేం మిగలదు."

"పుట్టే బిడ్డకి సగం బొంత కప్పుతామా? లే."

ఐదు రోజులు కుట్టాను. అంత నెమ్మదిగా నేను ఎప్పుడూ ఏ పనీ చెయ్యలేదు. ఒక్కొక్క కుట్టుకి ఆమె వైపు చూసేదాన్ని. ఆమె కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిలో వాన చూసేది. రెండో రోజు, ఎదురింటి గేటు రంగు ఎప్పుడు మార్చారు అని అడిగింది. అది మార్చి పదేళ్ళయింది. మూడో రోజు మా ఆయన కొట్టు నుంచి వస్తే లేచి నిలబడి, "ఎవరు కావాలండీ?" అంది. ఆయన, "నేనేనమ్మా" అన్నాడు. ఆమె ఆ గొంతు విని కూర్చుంది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఐదో రోజు సాయంత్రం నాలుగు గంటలకి చివరి మూలకి వచ్చాను. వాన ఆగింది. కిటికీ చూరు నుంచి నీళ్ళు చుక్కలు పడుతున్నాయి. దారం ఇంకా జానెడు ఉంది. ముడి ఒక్కటే మిగిలింది.

అత్తయ్య కుర్చీలోంచి లేచి వచ్చింది. నేను పిలవలేదు. నా చేతిలోంచి సూది తీసుకుంది. ఆ చేతులు నెల రోజులుగా సూదిని వడ్డించే గరిటెలా పట్టుకుంటున్నాయి. అప్పుడు మాత్రం మామూలుగా, మునుపటిలా పట్టుకున్నాయి.

గోడవైపు తిరగలేదు. నా వైపు తిరిగి కూర్చుంది.

"ఇది ఆఖర్న నేర్పేది" అంది. "ఇటు చూడు. దగ్గరికి రా. చూస్తేనే వస్తుంది."

దగ్గరికి జరిగాను. ఆమె మూలని పైకి మడిచింది. దారాన్ని చూపుడు వేలికి ఒక చుట్టు చుట్టింది. అంతవరకు చూశాను.

కళ్ళు మూసుకున్నాను.

"చూస్తున్నావా?"

"చూస్తున్నాను అత్తయ్యా."

దారం గుడ్డలోంచి వెళ్ళే చప్పుడు వినబడింది. ఒకసారి. ఆగింది. రెండోసారి. వేలితో నొక్కినట్టుంది. మూడోసారి పొడుగ్గా లాగింది. పళ్ళతో తెంపింది.

"చూశావా?"

"చూశాను."

కళ్ళు తెరిచాను. మూల చూశాను. దారం ఎక్కడ ఆగిందో కనబడలేదు.

"అయితే నీ దాని మీద వేసి చూపించు" అని నా నేర్చుకునే బొంతని లాగింది. దాని చివరి మూల కూడా అలాగే ఉంది, ముడి లేకుండా. నేను మడిచాను. వేలికి ఒక చుట్టు చుట్టాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. తోచినట్టు రెండుసార్లు గుచ్చి బిగించి, అత్తయ్య చేతికి ఇచ్చాను. ఆమె కొస పట్టుకుని లాగింది.

ముడి ఊడింది. దాంతో పాటు చివరి వరస కుట్లన్నీ ఒకదాని వెనక ఒకటి జారాయి. దారం మొత్తం ఆమె చేతిలోకి వచ్చింది.

ఆమె దాన్ని చూసింది. నన్ను చూసింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. చప్పుడు రాలేదు. భుజాలు ఊగాయి.

"ఏమే," అంది, "చేపలు పడదామా?"

డబ్బాలోంచి ఎర్ర దారం తీసి బెత్తెడు తెంపి ఆ మూలన కట్టింది. లోపలి గదిలోంచి ఆడపడుచు వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్ళమ్మ భుజాల వైపు చూసింది. తర్వాత తను కూడా నవ్వడం మొదలుపెట్టింది, పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని. నేను కూడా నవ్వాను. వీధిలో వెళ్తున్నవాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు.

"రేపు విప్పుకుని మళ్ళీ వెయ్యి. రాకపోతే మళ్ళీ చెబుతా" అంది అత్తయ్య.

బిడ్డ ఎనిమిది రోజులకి పుట్టాడు. అత్తయ్య ఆ తర్వాత నాలుగేళ్ళుంది. మొదట మా ఆయన పేరు పోయింది, తర్వాత నాది, ఆఖర్న తనది. నన్ను కొత్తమ్మాయి అని పిలిచేది, పని నేర్చుకోవడానికి ఎవరో పంపారనుకుని. ఆ నాలుగేళ్ళలో నేను పద్నాలుగు బొంతలు కుట్టాను. ప్రతిదీ చివరి మూలకి రాగానే ఆమె కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టేదాన్ని. ఆమె సూది అందుకునేది.

"ఇటు చూడు కొత్తమ్మాయీ. చూస్తున్నావా?"

"చూస్తున్నానండీ."

ఆ ముడి ఎలా వెయ్యాలో నాకు ఇప్పటికీ రాదు.